కాళ్ల తిమ్మిరి, సాల్వెంటు ఆవిరి

(ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంత పాల సంఘాల ప్రతినిధులకు చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘాల సభలో నరాల జబ్బు సంగతేమిటని మీరు అనుకోవచ్చు. మన గేదెలు తినే దాణాతోనే మొదలుపెడతాము. దాణాలో కలిసే నూనె తీసిన తవుడు గానుగలో ఆడినది కాదు. సాల్వెంటు ఫ్యాక్టరీలో హెక్సేన్ అనే పెట్రోలు జాతి ద్రవంతో తవుడును తడిపి నూనె లాగుతారు. తవుడులో మిగిలిన హెక్సేన్‌ను నీటి ఆవిరితో వెళ్లగొడతారు కనుక గేదెను గురించి బెంగ అక్కరలేదు. మా బెంగ అక్కడ యంత్రం దగ్గర నిలబడే మనిషిని గురించి. వాన మొహం చాటేసిన ఏడు మన మెట్ట ఊళ్ల పిల్లలు ఇలాంటి ఫ్యాక్టరీలకు, చెప్పుల కంపెనీలకు, రంగులు వేసే షెడ్లకు పోతూనే ఉన్నారు.

హెక్సేన్ కొన్ని రకాల చెప్పుల జిగురులోనూ, యంత్ర భాగాలు తుడిచే ద్రవాల్లోనూ ఉంటుంది. ఊపిరితో ఒంట్లోకి పోయి, కాలేయంలో మరొక పదార్థంగా మారుతుంది. నరాన్ని తినేది ఆ మారిన పదార్థమే. పొడుగాటి నరాలు ముందు దెబ్బతింటాయి గనుక కాలివేళ్లలో తిమ్మిరితో మొదలవుతుంది. మేజోడు తొడుక్కున్నట్లు స్పర్శ మందగిస్తుంది. తరువాత చేతివేళ్లు. ముదిరితే పాదం ఎత్తలేక ఈడ్చి నడుస్తారు, చెప్పు జారిపోయినా తెలియదు. 1960ల్లో జపానులో చెప్పులు అతికించే కుటీర పరిశ్రమల్లో ఇది బయటపడింది. 2009లో చైనాలోని సుజౌలో, ఫోన్ల అద్దాలు హెక్సేన్‌తో తుడిచే ఒక్క ఫ్యాక్టరీలోనే 137 మంది దీని పాలబడ్డారు.

2020 మే 7న విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి కమ్ముకుని మనుషులూ పశువులూ పడిపోవడం అందరం చూశాము. అది ఒక్క రాత్రిలో జరిగింది. ఇది రోజుకు కొంచెంగా జరుగుతుంది, పేపరుకెక్కదు.

మన వైపు మరో చిక్కు ఉన్నది. దేశంలో ఫ్లోరైడు జబ్బును తొలిసారి 1937లో వెల్లడించింది అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్ల నుంచే. అందువల్ల కాళ్లు పట్టేస్తే బోరు నీళ్లనో, వాతమనో సరిపెట్టుకుంటాము. స్పర్శ పోయిందంటే కుష్ఠేమోనని ఇంట్లో దాచిపెడతారు. కుష్ఠే అయినా దాచనక్కరలేదు, మందు ఉచితంగా ఇస్తారు.

ఇంకొకటి ముఖ్యంగా గ్రహించవలసినది. పని మానిన తరువాత కూడా ఈ జబ్బు కొన్ని వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు ముదురుతుంది. పిల్లవాడు ఊరికి వచ్చాకే ఎక్కువైంది గనుక ఊరి నీళ్లదే తప్పంటారు. కాస్త తేలికపడగానే తిరిగి అదే పనికి పంపుతారు. ఆవిరికి దూరంగా ఉంచితే చాలామందికి నెలల మీద తగ్గుముఖం పడుతుంది. ముదిరిన వారికి పూర్తిగా తగ్గకపోవచ్చు. మూతికి కట్టే గుడ్డ దుమ్మును కొంత ఆపుతుందేమో గాని ఆవిరిని ఆపదు.

మన పాల కేంద్రాల్లో వెన్న పరీక్షకు వాడే అమైల్ ఆల్కహాలు ఈ కోవలోది కాదు. అయినా దాని ఆవిరికి తలనొప్పి, దగ్గు వస్తాయి. తలుపులు మూసి పరీక్ష చేయవద్దని టెస్టర్లకు మనవి.

సంక్రాంతికి పిల్లలు వస్తారు. మడమల మీద నాలుగు అడుగులు వేసి చూపమనండి. పాదం ముందు భాగం నేలకు వాలిపోతుంటే నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోండి. ఏం పని చేసేవాడో డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. డబ్బా మీది పేరు కాగితం మీద రాసుకుని, ఇ.ఎస్.ఐ. కార్డు ఉంటే అదీ వెంట తీసుకువెళ్లండి.