రాసిన కాగితమే మన సాక్షి
(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో సామాజిక కార్యాచరణ కమిటీ సభ్యురాలి ప్రసంగం)



మన సంఘాల్లో నెలనెలా ఏం చేస్తాం? పుస్తకం అందరి ముందు విప్పుతాం. ఎవరు ఎంత కట్టారు, ఎవరు ఎంత బాకీ ఉన్నారు అని చదివి వినిపిస్తాం. లీడరు పుస్తకం చూపించకపోతే ఊరుకుంటామా? అదే మాట పోలీస్ స్టేషన్‌ను అడగొచ్చా అన్నదే ఈరోజు నేను చెప్పే సంగతి.

నిరుడు మన సభ్యురాలు ఒకామెను, పేరు చెప్పను, పనిచేసే ఇంట్లో గొలుసు పోయిందని స్టేషన్‌కు తీసుకెళ్లారు. పొద్దున వెళ్లిన మనిషి చీకటి పడ్డాక ఇంటికొచ్చింది. అరికాళ్లు వాచిపోయి ఉన్నాయి. కేసు లేదు, కాగితం లేదు. నాలుగో రోజున గొలుసు ఆ ఇంట్లోనే బీరువా వెనక దొరికింది.

మేం ఐదుగురం వెళ్లి అడిగితే "ఆమె అసలు ఇక్కడికి రాలేదు" అన్నారు. సమాచార హక్కు కింద ఆ రోజు జనరల్ డైరీ నకలు, కెమెరా దృశ్యాలు అడిగాం. దర్యాప్తు విషయం, రహస్యం, ఇవ్వలేం అని జవాబు వచ్చింది. కేసే లేనప్పుడు దర్యాప్తు ఎక్కడిదమ్మా? అప్పీలు వేశాం. తిరిగి తిరిగి ఎనిమిది నెలలయ్యాక, దృశ్యాలు చెరిగిపోయాయి అన్నారు. తప్పు వాళ్లదే. కానీ వాటిని భద్రపరచమని మొదటి రోజే రాసి ఇవ్వకపోవడం మా పొరపాటు. అది మీరు చేయకూడదనే ఇంత చెప్తున్నా.

కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి? విశాఖ మన్యంలో వాకపల్లి సంగతి మీలో చాలామందికి తెలుసు. 2007 ఆగస్టులో గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది గిరిజన మహిళలు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు నిందితులను విడుదల చేసింది. దర్యాప్తు సరిగా జరగలేదని ఆ కోర్టే చెప్పి, ఆ మహిళలకు పరిహారం ఇమ్మంది. పోలీసుల మీద ఫిర్యాదును పోలీసులే దర్యాప్తు చేస్తే ఇలాగే అవుతుంది.

అందుకే ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది, రాష్ట్రంలో, ప్రతి జిల్లాలో పోలీసు ఫిర్యాదుల సంస్థ ఉండాలని. జిల్లా సంస్థకు విశ్రాంత జిల్లా జడ్జి అధ్యక్షులుగా ఉండాలి. డీఎస్పీ వరకు ఎవరి మీదైనా అక్కడ ఫిర్యాదు చేయొచ్చు. ఎస్పీ, ఆపై అధికారుల మీదైతే రాష్ట్ర సంస్థకు వెళ్లాలి. కస్టడీలో చావు, తీవ్ర గాయం, అత్యాచారమే కాదు, డబ్బులు గుంజడం, ఇల్లూ స్థలం కాజేయడం కూడా జిల్లా సంస్థ విచారించవచ్చు. మరి మన జిల్లాలో ఆ సంస్థ ఆఫీసు ఎక్కడుందో ఇక్కడున్నవాళ్లలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. చూశారా! ఉన్నా మనకు తెలియకపోతే లేనట్టే.

2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలు పెట్టాలి. దృశ్యాలు కనీసం ఆరు నెలలు ఉంచుతారనీ, హక్కులకు భంగం కలిగితే వాటిని భద్రపరచమని అడిగే హక్కు బాధితులకు ఉందనీ మన భాషలో బోర్డు పెట్టాలి. కెమెరాలు పనిచేస్తున్నాయో లేదో చూసే జిల్లా కమిటీలో కలెక్టరు, ఎస్పీతో పాటు పల్లెల తరఫున జిల్లా పరిషత్ అధ్యక్షులు కూడా ఉండాలి. అంటే మనం ఓట్లేసి గెలిపించిన మనుషులను మనం అడగొచ్చు.

ఇక చేయాల్సింది చెప్తాను, రాసుకోండి.

మనిషిని స్టేషన్‌కు తీసుకెళ్తే తేదీ, టైము, ఎవరు తీసుకెళ్లారో అప్పుడే సంఘం పుస్తకంలో రాయాలి. దెబ్బలుంటే వెంటనే ప్రభుత్వాసుపత్రిలో చూపించి కాగితం తీసుకోవాలి.

అదే రోజు కెమెరా దృశ్యాలు భద్రపరచమని ఎస్పీకి రిజిస్టర్ పోస్టులో రాయాలి. రసీదు పారేయొద్దు.

సమాచార హక్కు దరఖాస్తుకు మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటల్లోనే ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు రుసుము లేదు. "రహస్యం" అని ఒక్క ముక్క రాస్తే చాలదు. ఏ సెక్షన్ కింద, ఎందుకు ఇవ్వరో, ఎవరికి అప్పీలు చేయాలో కూడా రాయాలి. అప్పీలుకు గడువు 30 రోజులు.

ఇంకొకరి పేరు, ఫోన్ నంబరు, ఫిర్యాదు చేసిన ఆడపిల్ల వివరం మనం అడగకూడదు, బయట పెట్టకూడదు. కొన్ని సంగతులు గుట్టుగా ఉండాల్సిందే. కానీ ఆ గుట్టు బాధితుల కోసం, కొట్టినవాళ్ల కోసం కాదు.

మనకు అర్ధరాత్రి సాయం వచ్చిన పోలీసులూ ఉన్నారు. వాళ్లను మరచిపోను. నిజాయితీగా పనిచేసేవాళ్లకు కెమెరా భయం ఉండదు, మన లెక్కల పుస్తకం మనకు భయం కానట్టే.

ఆ సభ్యురాలు ఈరోజు ఈ సభలోనే కూర్చుంది. ఆమె అడిగింది ఒక్కటే, "నేను ఆ రోజు అక్కడ ఉన్నానని ఒప్పుకుంటే చాలక్కా". అది ఇంకా జరగలేదు. రెండో అప్పీలు నడుస్తోంది. జిల్లా ఫిర్యాదుల సంస్థ వివరం కోరుతూ, మన స్టేషన్లలో బోర్డులు పెట్టమని కోరుతూ ఈరోజు తీర్మానం పెడుతున్నా. చదివి వినిపిస్తారు, వినండి. నచ్చితే సంతకం పెట్టండి. సెలవు.