వీరుని ఇంటివారు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



భారతయుద్ధము పదునెనిమిది దినములలో ముగిసినది. ఎవరు ఎవరిని కూల్చిరో భీష్మ ద్రోణ కర్ణ శల్య పర్వములు చెప్పును. సౌప్తికమున నిద్రించుచున్నవారు సైతము హతులైరి. అటుపిమ్మట వెంటనే ధర్మరాజునకు పట్టాభిషేకము చేసి కథ నడుపవచ్చును. వ్యాసుడు అట్లు చేయలేదు. నడుమ స్త్రీపర్వమును నిలిపెను. తెలుగున దానిని తిక్కన సోమయాజి రచించెను. అంతఃపురము విడిచి యెరుగని రాణులు రణభూమికి వచ్చి, ఏ తల ఏ మొండెమునకు చెందినదో వెదకికొనిరి. తుదకు గంగయొడ్డున మృతులకు తిలోదకము లిచ్చువేళ ఒక్క పేరు మిగిలిపోయినది. కర్ణునకు నీరు విడువవలెనని పాండవులకు తోచలేదు. అప్పుడు కుంతి నోరు విప్పి, అతడు తన తొలిచూలు బిడ్డ యని కుమారులకు చెప్పెను. అంతకాలము దాచిన మాట యుద్ధము ముగిసిన తరువాత గాని వెలికి రాలేదు.

రాజులు యుద్ధము ముగిసినదని ప్రకటించిన పిమ్మట సిపాయి ఇంట ఏమి జరుగుననునదే ఈ ఉపన్యాసమునకు విషయము.

1914 నుండి 1918 వరకు జరిగిన ప్రథమ ప్రపంచ సంగ్రామమునకు ఈ దేశమునుండి సుమారు 13 లక్షలమంది వెళ్లిరి. వారిలో తుపాకి పట్టినవారే గాక వంటవారు, కంచరగాడిదలను తోలువారు, మోతగాండ్రు, ఆస్పత్రి పనివారును కలరు. రమారమి 74,000 మంది తిరిగి రాలేదు. సిపాయిలలో పెక్కుమందికి అక్షరములు రావు. ఫ్రాన్సు దేశపు కందకములనుండి ఇంటికి ఉత్తరము పంపవలెనన్న, వ్రాయనేర్చిన తోడివానిని బతిమాలుకొనవలెను. ఇంటివద్ద తల్లికిని చదువు రాదు. పంతులుగారో, తపాలా ఉద్యోగియో చదివిపెట్టవలెను. భర్త భార్యకు చెప్పదలచిన మాట ఒకరి చేతిమీదుగా బయలుదేరి, మరొకరి నోటిమీదుగా ఆమె చెవి చేరవలెను. నడుమ సెన్సారు అధికారి కన్ను ఒకటి! ఇక ఆ మాటలో దాంపత్యమునకు మిగులు చోటెంత?

ఆ సెన్సారును తప్పించుకొనుటకు సిపాయిలు చిత్రమైన ఉపాయములు పన్నిరి. నల్ల మిరియములు అయిపోవచ్చినవనియు, ఇప్పుడు ఎర్ర మిరపకాయలు వాడుచున్నారనియు ఇంటికి వ్రాసినవారున్నారు. మిరియములనగా భారతీయ సైనికులు, మిరపకాయలనగా తెల్లవారు. ఊరిలో మరెవ్వరును సైన్యమున చేరవలదని హెచ్చరించుట వారి ఉద్దేశము. సెన్సారువారు అనుమానముతో తెరచి, ఆంగ్లమున అనువదించి పెట్టుకొన్న భాగములు నేటికిని లండనులోని బ్రిటిషు గ్రంథాలయమున భద్రముగా నున్నవి. ప్రేమతో అందుకొన్న ఇండ్లలోని అసలు ఉత్తరములు మాత్రము చాలవరకు నశించినవి. గ్రంథాలయాభిమానులు ఆలోచింపదగిన సంగతి యిది.

యుద్ధానంతరము ప్రభుత్వము అనేక గ్రామములలో శిలాఫలకములు పెట్టించెను. ఈ గ్రామమునుండి మహాయుద్ధమునకు ఇంతమంది వెళ్లిరి, వారిలో ఇంతమంది ప్రాణములు విడిచిరి అని వానిపై చెక్కించిరి. సంఖ్యలేగాని పేర్లు లేవు. చనిపోయినవాని దగ్గరి బంధువునకు మాత్రము అతని పేరుగల కంచుబిళ్ల యొకటి పంపిరి. అది అయిదంగుళములకు కొంచెము తక్కువ వెడల్పు గలది. అతడు స్వాతంత్ర్యము కొరకును, గౌరవము కొరకును మరణించెనని దానిపై ఆంగ్లమున పోతపోసి యుండెను. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగులో కాల్పులు జరిగినవి. ఆ పిమ్మట పంజాబు పల్లెలో ఆ బిళ్లపైని మాటలకు అర్థము చెప్పవలసివచ్చిన పంతులు ఏ గొంతుతో చెప్పెనో!

తెలుగునాటను సిపాయిల ఊళ్లు కలవు. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెము ప్రాంతమునగల మాధవరమును జనులు మిలిటరీ మాధవరమనియే పిలుతురు. అచ్చట తాత వెంట తండ్రి, తండ్రి వెంట కొడుకు సైన్యమున చేరుట ఆనవాయితీ. అట్టి ఊరిలో పూర్వము తపాలావాడు గుమ్మము దాటిపోయినను దిగులే, తంతి పట్టుకొని గుమ్మమున నిలిచినను దిగులే.

మరణవార్తకంటె కఠినమైనది ఒకటి కలదు. అది ఏ వార్తయు లేకుండుట. 1962 నవంబరు 18న లడఖులోని రెజాంగ్‌లా కనుమవద్ద కుమావూను దళమునకు చెందిన ఒక కంపెనీ చీనా సేనలను చివరి గుండువరకు ఎదిరించినది. నూరుమందికి పైగా మడిసిరి. వారిలో పెక్కుమంది నేటి హర్యానాలోని రేవాడి, గుర్‌గావ్ ప్రాంతపు పల్లెలవారు. బ్రతికి వచ్చిన కొద్దిమంది చెప్పిన మాటను నమ్మినవారు తక్కువ. వారిని పిరికిపందలుగా చూచినవారును కలరు. 1963లో మంచు కరగనారంభించిన పిదప గాని ఆయుధములు చేతబట్టి గడ్డకట్టియున్న మృతదేహములు కనబడలేదు. ఆ నెలలన్నియు ఆ ఇండ్లలోని స్త్రీలు బొట్టు ఉంచుకొనవలెనో తీసివేయవలెనో యెరుగక గడిపిరి. ఊరివారి చూపులు దానికి తోడు.

వారికి నెలలలోనైనను నిజము తెలిసినది. 1971 యుద్ధమున తప్పిపోయి, పాకిస్తాను చెరలో ఉన్నారని నమ్మబడుచున్న 54 మంది ఇంటివారికి ఆ పాటి నిశ్చయమును దక్కలేదు. 2007లో బంధువులు కొందరు ఆ దేశపు కారాగారములకు స్వయముగా వెళ్లి వెదకిరి, తమవారు కానరాలేదు. ఏడేండ్లు వార్త తెలియనివానిని మరణించినట్లు భావింపవచ్చునని సాక్ష్యచట్టము చెప్పును. చట్టమునకు ఏడేండ్లు చాలును, ఆలికి చాలవు.

ఇక ధనసహాయము మాట. గౌరవముతోపాటు పించను ఇచ్చుట న్యాయమే. కాని దానికి పెట్టిన నిబంధనలలో ఒకటి చూడుడు. శౌర్య పతకము పొందిన సైనికుని వితంతువునకు వచ్చు భత్యము ఆమె పునర్వివాహము చేసికొన్నచో ఆగిపోవును. భర్త సోదరునే పెండ్లాడినచో ఆగదు. ఇరువది యేండ్ల పిల్ల పతకము కొరకు మరదిని కట్టుకొనవలెనన్నమాట! ఈ షరతు 2017 నవంబరులో గాని తొలగలేదు. భర్త శౌర్యమునకు ఇచ్చిన సొమ్ముతో భార్య జీవితమునకు పగ్గము వేయుట ఏ గౌరవమో ఆ నియమము వ్రాసినవారే చెప్పవలెను.

పేర్ల విషయమున మాత్రము కాలము కొంత మారినది. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకమున స్వాతంత్ర్యానంతరము ప్రాణములొసగిన పాతికవేలమందికి పైగా పేర్లు చెక్కబడినవి. అయినను జనుల నాలుకమీద నిలుచునవి ఏ కొన్నియో. 2020 జూన్ 15 రాత్రి గల్వాను లోయలో ఇరువదిమంది మరణించిరి. సూర్యాపేట వాస్తవ్యులు కర్నల్ సంతోష్ బాబు పేరు తెలుగువారందరికి తెలియును. ప్రభుత్వము ఆయనకు మహావీర చక్రమును, ఆయన భార్యకు డిప్యూటీ కలెక్టరు పదవిని ఇచ్చినది. అది మిక్కిలి యుక్తమైన పని. తక్కిన పందొమ్మిదిమందిలో ఒక్కరి పేరైనను తడుముకొనక చెప్పగలవారు సభలో ఎందరు?

కనుక ప్రతి గ్రామ గ్రంథాలయమునను ఒక పుస్తకము తెరచి, ఊరినుండి సైన్యమునకు పోయినవారి పేర్లతోపాటు తల్లి పేరు, భార్య పేరు, బిడ్డల పేర్లును వ్రాయించుట మంచిది. ఇంటివారు సమ్మతించినచో ఉత్తరములకు నకళ్లు తీయించి దాచవలెను. దీనికి పెద్ద ధనము అక్కరలేదు. నాలుగిండ్లు తిరిగి, ముసలితల్లి చెప్పునది ఓపికతో వ్రాసికొను యువకుడొకడు చాలును.

ఉత్తరమనగా 1999 నాటి కార్గిల్ యుద్ధము తలపునకు వచ్చును. హైదరాబాదునకు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య రాజపుతానా రైఫిల్సు దళమున పనిచేయుచు, జూన్ 28న ద్రాసు ప్రాంతమున మరణించి మహావీర చక్రము పొందెను. కడపటి దినములలో తండ్రికి వ్రాసిన జాబులో, గర్భవతియైన తన భార్యకు దినమునకొక భారతకథ చెప్పుడని కోరెను. పుట్టబోవు బిడ్డకు మంచి బుద్ధులు అబ్బవలెనని ఆయన ఆశ. కొన్ని నెలలకు ఆ ఇంట ఆడుబిడ్డ పుట్టినది. తండ్రిని కన్నులార చూడని ఆ బిడ్డ పెరిగి, ఇంటివారు చెప్పగా విన్నది కూర్చి, ఆయనను గూర్చి ఒక పుస్తకము వ్రాసినది.