హీలోలో ఒక పగలు

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను అమెరికా విశేషాలు చెప్పమన్నారు. ఆ విశేషాలు ఇప్పుడు మనలో ఎవరికీ కొత్త కాదు. ఇంటికొకరు అక్కడ ఉన్నారు. మనవల పురుళ్ళకని మనమూ వెళ్ళి వస్తూనే ఉన్నాం. అందుచేత మొత్తం ప్రయాణం జోలికి పోను. 2019 సెప్టెంబరులో మా అబ్బాయి మా ఇద్దరినీ హవాయి దీవులు చుట్టివచ్చే ఓడ ఎక్కించాడు. ఏడు రోజుల ప్రయాణం. అందులో ఓడ దిగి నేలమీద గడిపిన ఒక్క పగలు గురించి చెబుతాను. నాకిచ్చిన ఇరవై నిమిషాలకు అది చాలు.

హవాయి దీవులు పసిఫిక్ మహాసముద్రం నడుమ ఉన్నాయి. 1959లో అమెరికాకు 50వ రాష్ట్రమయ్యాయి. అక్కడి గడియారం మనకంటె పదిహేనున్నర గంటలు వెనక. హొనొలూలూ రేవులో ఓడ ఎక్కితే, అది రాత్రిపూట నడిచి తెల్లవారేసరికి ఇంకో దీవి దగ్గర ఆగుతుంది. పక్క మారదు, పెట్టె సర్దే పని లేదు. మోకాళ్ళ నొప్పులున్న మనబోటివాళ్ళకు అనుకూలమైన ప్రయాణం. శాకాహారులు ఏం తిన్నారని మీరు అడగకముందే చెబుతాను: అన్నం, పెరుగు, పళ్ళు ఓడవాళ్ళు ఇచ్చారు, ఆవకాయ మా ఆవిడ సంచిలో ఉంది.

ఆ రోజు ఉదయం దిగిన ఊరు హీలో. దీవులన్నిటిలోకీ పెద్దదైన దీవికి తూర్పు తీరాన ఉంది. వానలు ఎక్కువ, మేము దిగేసరికి సన్నగా జల్లు పడుతోంది. అక్కడి పేర్లు వింటుంటే నాకొక ముచ్చట తోచింది. హీలో, కిలౌయా, మౌనా లోవా, హలెమౌమౌ. మాటలన్నీ అచ్చుతోనే ముగుస్తాయి. మన తెలుగును అజంత భాష అంటాం కదా, హవాయి భాష మనకంటె గట్టి అజంతం. ఆ మాట చెబితే మా ఆవిడ, "అయితే చుట్టాలే, కాఫీ ఇప్పించమనండి" అంది.

మొదట బస్సులో కిలౌయా అగ్నిపర్వతానికి తీసుకువెళ్ళారు. ఊరికి 30 మైళ్ళ దూరం, సముద్రమట్టానికి 4,000 అడుగుల ఎత్తు. నిప్పు చూద్దామని వెళ్ళాం గాని, ఆ ఏడాది నిప్పు లేదు. 2018 మే నుంచి ఆగస్టు దాకా ఆ కొండ దిగువన నేల చీలి, కరిగిన రాయి ఏరులా పారి 700కు పైగా ఇళ్ళను కప్పేసింది. లోపలి సరుకు అలా దిగువకు పోవడంతో పైనున్న హలెమౌమౌ బిలం అడుగు దాదాపు 500 మీటర్లు కుంగిపోయింది. ఆ గుంట అడుగున 2019 వేసవిలో నీరు ఊరడం మొదలైంది. అగ్నిపర్వతం బిలంలో నీళ్ళు! 2020 డిసెంబరులో మళ్ళీ నిప్పు లేచి ఆ నీళ్ళన్నీ ఆవిరైపోయాయని తరవాత చదివాను.

ఇక్కడ ఒక సంగతి మనసులో ఉంచుకోండి. 700 ఇళ్ళు పోయాయి గాని, ఆ నిప్పుటేరు పాలబడి ఒక్క ప్రాణమూ పోలేదు. లెమ్మన్నప్పుడు జనం లేచి వెళ్ళారు.

మధ్యాహ్నం ఊళ్ళోకి తిరిగివచ్చాం. ఓడ సాయంత్రం బయలుదేరుతుంది. మూడు గంటల వ్యవధి ఉంది. తక్కినవాళ్ళు జలపాతం చూడబోయారు. మేమిద్దరం సముద్రపు ఒడ్డున నడిచాం. ఊరు మంచిదే, దుకాణాలున్నాయి, జనం ఉన్నారు. కాని ఒడ్డు వెంబడి అంతా ఖాళీ పచ్చిక. సముద్రానికి ఎదురుగా అంత విలువైన స్థలం ఎందుకు వదిలేశారో అర్థం కాలేదు. కొంత దూరం పోయాక రోడ్డు పక్కన స్తంభం మీద ఒక గడియారం కనిపించింది. ఒంటిగంట దాటి నాలుగు నిమిషాలైనట్టు చూపిస్తోంది. నా చేతి గడియారంలో మూడు కావస్తోంది. గడియారం పాడైందనుకుంటే, కింద ఉన్న పలక చదివాక తెలిసింది. అది 1960 మే 23 అర్ధరాత్రి దాటాక 1 గంట 4 నిమిషాలకు సునామీ వచ్చిన క్షణం. గడియారాన్ని మళ్ళీ నిలబెట్టారు గాని ముళ్ళను మాత్రం కదపలేదు.

సునామీ వేరు, మన ఉప్పెన వేరు. ఉప్పెన తుపాను గాలి నెట్టుకువచ్చే నీరు. సునామీ సముద్రగర్భంలో భూమి కంపిస్తే పుట్టే నీరు. 1960 మే 22న దక్షిణ అమెరికాలోని చిలీ దగ్గర 9.5 తీవ్రతతో భూకంపం వచ్చింది. కొలతలు మొదలైన తరవాత అంతకంటె పెద్దది ఇంతవరకు నమోదు కాలేదు. అక్కడ పుట్టిన అల విమానం వేగంతో పసిఫిక్‌ను దాటి 15 గంటల్లో హీలో చేరింది. మరికొన్ని గంటలకు జపాను చేరి అక్కడ కూడా 130 మందికి పైగా ప్రాణాలు తీసింది.

ఆ వీధి చివర సునామీ మ్యూజియం అని ఒకటి ఉంటే అందులోకి వెళ్ళాం. రోడ్డు పక్కన బండ్లు నిలిపే చోట పాతిన ఇనప మీటర్ల స్తంభాలు నేలకు వంగిపోయిన ఫోటో ఒకటి గోడమీద ఉంది. జపాను నుంచి వచ్చిన కుటుంబాలు కట్టుకున్న పేట ఫోటోలు ఉన్నాయి. దాని పేరు షిన్‌మాచి, అంటే మన భాషలో కొత్తపేట. 1946 ఏప్రిల్ 1న వచ్చిన సునామీలో ఆ పేట పోయింది. అప్పుడు హీలోలో 96 మంది, దీవులన్నిటిలో కలిపి 159 మంది చనిపోయారు. ఏప్రిల్ ఒకటో తారీకు కావడంతో, నీరొస్తోందని అరిచినవాళ్ళను చూసి కొందరు వేళాకోళమనుకున్నారట. దాని తరవాతనే 1949లో పసిఫిక్ సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టారు. పేట మళ్ళీ కట్టుకున్నారు. 1960లో మళ్ళీ పోయింది. ఆ తరవాత కట్టలేదు. మేము నడిచివచ్చిన పచ్చిక అదే.

అక్కడ సేవ చేస్తున్నవారిలో ఎనభై ఏళ్ళ జపాను సంతతి ముత్తైదువ ఒకామె మా ఇద్దరినీ కూర్చోబెట్టి, ఎక్కడినుంచి వచ్చారని అడిగి, తన సంగతి చెప్పింది. ఆ రాత్రి ఎనిమిదిన్నరకే సైరన్లు మోగాయట. అల రావడానికి ఇంకా మూడున్నర గంటలుంది. ఒక సైరన్ మోగింది కదా, ఇంకోటి మోగాక చూద్దామని కొందరు ఆగారు. కొందరు అల చూడాలని ఒడ్డుకే వెళ్ళారు. ఈమె కుటుంబం మాత్రం ఎత్తున ఉన్న మేనమామ ఇంటికి వెళ్ళింది. అర్ధరాత్రి దాటాక మొదటి అల వచ్చింది, చిన్నది. ఇంతేనా అని వాళ్ళ తాతగారు ఊళ్ళోకి తిరిగి వెళ్ళాడు. మూడో అల 35 అడుగుల ఎత్తుకు లేచింది. ఆ రాత్రి హీలోలో 61 మంది పోయారు. అందులో ఆయన ఒకడు.

నేను ఒక్కొక్క మాటే మా ఆవిడకు తెలుగులో చెబుతున్నాను. ఆవిడ, "తాతగారు వెనక్కి ఎందుకు వెళ్ళాడో అడగండి" అంది. అడిగాను. "దుకాణం తలుపు వేశానో లేదో అని" అందామె.

మా ఆవిడది దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు మేము గుడివాడలో ఉన్నాం. నేను తంతి ఆఫీసులో ఉద్యోగం. ఆవిడ పెద్దమ్మ, పెదనాన్న నాగాయలంక అవతల ఊళ్ళో ఉండేవారు. గాలి ముదురుతుంటే పక్కవాళ్ళు బడి డాబా మీదికి రమ్మని పిలిచారు. గేదె ఈని రెండు రోజులైంది, దూడను వదిలి ఎలా వస్తామన్నారు ఇద్దరూ. పది వేల మందికి పైగా పోయిన ఆ ఉప్పెనలో వాళ్ళూ పోయారు. ఇల్లున్న చోట రోలు ఒక్కటే మిగిలింది. ఈ సంగతి నాకు మా బావమరిది చెప్పాడు. ఆవిడ నోట నలభై రెండేళ్ళలో ఒక్కసారి కూడా వినలేదు. ఆ రోజు హీలోలో, ముందూ వెనకా తెలియని మనిషితో, ఆవిడే చెప్పింది. "మా పెద్దమ్మ దూడ కోసం ఉండిపోయిందమ్మా" అని. నేను ఇంగ్లీషులో చెప్పేలోపే ఆమె మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. నా అనువాదంతో వాళ్ళకు పని లేకపోయింది.

మిత్రులారా, మన ఉద్యోగమంతా కబురు చేరవేయడమే. ఉప్పెన తరవాత మూడు రోజులు మా కౌంటరు ముందు వరస తరగలేదు. దివి వైపు తీగలన్నీ తెగిపోయాయి. ఎవరికీ జవాబు లేదు. కబురు అందకపోతే మనిషి ఏమవుతాడో ఆ మూడు రోజుల్లో చూశాను. కాని హీలో గోడల మీద చూసింది దానికి రెండో పక్క. అక్కడ కబురు అందింది. సమయం కూడా ఉంది. అయినా కాలు కదలలేదు. కబురు చేరడం ఒక ఎత్తు, మనిషి లేచి గడప దాటడం ఇంకో ఎత్తు.

మన దగ్గర ఈ రెండూ కొంత మెరుగయ్యాయి. 1990 మే తుపాను చాలా బలమైనది. కాని ఆరు లక్షల మందికి పైగా ముందే తరలించినందువల్ల మృతుల సంఖ్య వెయ్యి లోపున ఆగింది. 2004 డిసెంబరు 26 సునామీలో మన తీరాన కూడా నూరుమందికి పైగా పోయారు. అప్పటికి హిందూ మహాసముద్రానికి హెచ్చరిక ఏర్పాటే లేదు. 2007 అక్టోబరు నుంచి ఆ కేంద్రం మన హైదరాబాదులోనే పనిచేస్తోంది. తంతి 2013 జూలైలో ఆగిపోయింది గాని, తుపాను కబురు ఇప్పుడు చేతిలోని ఫోనుకే తెలుగులో వస్తోంది.

మిగిలింది గడప దాటడం. అది ఎవరికి కష్టమో చెప్పనక్కరలేదు. పిల్లలు లేచిపోతారు. "ఇలాంటివి ఎన్ని చూశాం" అని మంచం దిగనివాళ్ళం మనమే. తాళం, గేదె, దేవుడి గూడు, పింఛను కాగితాలు, ఏదో ఒకటి మనల్ని పట్టుకుని ఉంటుంది. కొడుకులు దూరాన, ఇంట్లో ఇద్దరే ఉన్న సభ్యులు మన సంఘంలో ఎందరో ఉన్నారు. తీరపు ఊళ్ళలోనూ ఉన్నారు.

కాబట్టి ఈ సమావేశానికి నాది ఒక్క కోరిక. తీరాన ఒంటరిగా ఉంటున్న మన సభ్యుల జాబితా ఒకటి, వారి ఫోను నంబర్లతో, కార్యదర్శిగారి దగ్గర ఉండాలి. ఒక్కొక్కరికి ఎత్తున, మెరకన ఉన్న ఊరి సభ్యుడు ఒకరు జత కావాలి. హెచ్చరిక వచ్చినప్పుడు ఆ జతగాడు ఫోను చేసి, "విన్నావా" అని అడిగితే చాలదు. "బయలుదేరావా, మా ఇంటికి ఎన్నింటికి వస్తున్నావు" అని అడగాలి. సభ్యులు కూడా పింఛను ఉత్తర్వు, బ్యాంకు పుస్తకం, వారం రోజుల మందులు, కళ్ళజోడు ఒక సంచిలో పెట్టి తలుపు దగ్గర తగిలించుకోవాలి. సంచి సిద్ధంగా ఉంటే సగం సాకు పోయినట్టే.

ఏటా నవంబరులో మనం బతికే ఉన్నామని ధ్రువపత్రం ఇచ్చుకుంటాం. మన తీరానికి అది తుపానుల నెల కూడా. ఈ జాబితా నవంబరు లోపల పూర్తి కావాలని తీర్మానం ప్రతిపాదిస్తున్నాను. బలపరచేవారు చేతులెత్తవలసిందిగా అధ్యక్షులవారి ద్వారా కోరుతున్నాను.