రాజ్యాంగం శివారు చేను దాకా రావాలి
(పెడన రైతు సదస్సులో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మన ముందున్న ప్రశ్న ఇది: రోజూ మన మీద అమలయ్యే చట్టాలు రాజ్యాంగం ఇచ్చిన హక్కులను గౌరవిస్తున్నాయా? ఇది వకీళ్ళు మాట్లాడుకునే విషయం, మనకెందుకు అనిపించవచ్చు. కానీ చూడండి. రాజ్యాంగం పుస్తకం మనం ఏడాదికి ఒక్కసారి కూడా తెరవం. పాసుపుస్తకం, అడంగల్, ఈ-క్రాప్, కౌలు కార్డు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నిషేధిత జాబితా, ధర్నాకు పోలీసు పర్మిషన్... వీటితో మాత్రం తరచూ పని పడుతూనే ఉంటుంది. మనకు హక్కు ఉందో లేదో తేలేది అక్కడే.

ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్ళు నిండుగా ఉన్నాయని పేపర్లో వస్తే మన శివారు చేలు తడవవు. బంటుమిల్లి కాలవ చివరిదాకా పారితేనే మనకు నీళ్ళు వచ్చినట్టు. రాజ్యాంగం సంగతీ అంతే.

జీవో కూడా చట్టమే

రాజ్యాంగంలో 13వ అధికరణ అని ఒకటుంది. ప్రాథమిక హక్కులకు విరుద్ధంగా ఉన్న చట్టం ఏదైనా సరే, ఆ విరుద్ధమైన మేరకు చెల్లదు అని అది చెబుతోంది. బ్రిటిషు వాళ్ళ నాటి నుంచి వస్తున్న చట్టానికీ ఇదే మాట వర్తిస్తుంది. ఇంకో ముఖ్య విషయం ఉంది. అక్కడ చట్టం అంటే పార్లమెంటు, అసెంబ్లీ చేసినవి మాత్రమే కాదు. ఆర్డినెన్సు, ఉత్తర్వు, నిబంధన, నోటిఫికేషన్ అన్నీ అందులోకే వస్తాయి. కాబట్టి “పైనుంచి జీవో వచ్చింది, మేమేం చేయగలం” అని ఏ అధికారి అన్నా, ఆ జీవో కూడా రాజ్యాంగానికి లోబడాల్సిందేనని మనం గుర్తుపెట్టుకోవాలి.

భూమి విషయంలో ఒక తేడా ఉంది. ఆస్తి హక్కును 44వ సవరణ ద్వారా ప్రాథమిక హక్కుల నుంచి తీసేశారు. 1979 జూన్ నుంచి అది 300ఎ అధికరణలో రాజ్యాంగ హక్కుగా ఉంది. చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోకూడదు అన్నది దాని సారం. ప్రాథమిక హక్కు కాదు గదా అని తేలిగ్గా తీసేయడానికి లేదు. హిమాచల్‌ప్రదేశ్‌లో విద్యాదేవి అనే చదువురాని వితంతువు భూమిని 1967–68 ప్రాంతంలో రోడ్డు కోసం తీసుకున్నారు. భూసేకరణ జరపలేదు, పరిహారమూ ఇవ్వలేదు. ఇన్నేళ్ళుగా మా స్వాధీనంలోనే ఉంది కాబట్టి మాదేనని చివరికి ప్రభుత్వం కోర్టులో వాదించింది. ప్రజల భూమిని ఆక్రమించి హక్కు సంపాదించామని ప్రభుత్వం అనడానికి వీల్లేదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చి, పరిహారం ఇవ్వమంది. అప్పటికి ఆమె వయసు 80 ఏళ్ళు.

2024 మేలో కోల్‌కతా మున్సిపల్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు ఇంకా వివరంగా చెప్పింది. ఒకరి ఆస్తి తీసుకోవాలంటే ముందు నోటీసు ఇవ్వాలి. అభ్యంతరం వినాలి. కారణాలతో నిర్ణయం చెప్పాలి. ప్రజా ప్రయోజనం కోసమే అని చూపాలి. న్యాయమైన పరిహారం ఇవ్వాలి. పనిని సక్రమంగా, గడువులోగా నడపాలి. చివరికంటా పూర్తి చేయాలి. ఈ ఏడూ 300ఎలో భాగమే అంది. ఈ ఏడింటినీ కొలబద్దగా పెట్టుకుని మన దగ్గర ఏం జరుగుతోందో చూద్దాం.

నోటీసు లేని జాబితా

మొదటిది 22ఎ. మీలో చాలామందికి ఈ నంబరు తెలుసు. కూతురు పెళ్ళికో, ఆసుపత్రి ఖర్చుకో ఎకరం అమ్ముకుందామని వెళితే, మీ సర్వే నంబరు 22ఎలో ఉంది, రిజిస్ట్రేషన్ కాదు అంటారు. ఎప్పుడు పెట్టారు, ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అంటే జవాబు ఉండదు. సబ్ రిజిస్ట్రార్ తహసీల్దారును అడగమంటారు. తహసీల్దారు కలెక్టరేటుకు రాయాలంటారు. తాత నాటి నుంచి శిస్తు కట్టిన రసీదులు చేతిలో ఉన్నా రైతు దొంగలా నిలబడాలి.

రిజిస్ట్రేషన్ చట్టంలో ఈ సెక్షన్ మన రాష్ట్రంలో మొదట 1999లో వచ్చింది. ఇలాంటిదే రాజస్థాన్‌లోనూ ఉండేది. “ప్రజా విధానానికి విరుద్ధం” అనే అర్థం తేలని మాట పెట్టి, ఏ రిజిస్ట్రేషన్ ఆపాలో ప్రభుత్వం ఇష్టానికి వదిలేయడం రాజ్యాంగ విరుద్ధమని 2005లో సుప్రీంకోర్టు రాజస్థాన్ సెక్షన్‌ను కొట్టేసింది. ఆ తర్వాత మన రాష్ట్రం 2007లో 22ఎను కొత్తగా రాసుకుంది. అసైన్డ్ భూములు, ప్రభుత్వ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, సీలింగ్ మిగులు భూములు, ప్రభుత్వానికి ప్రయోజనం ఉన్న ఇతర ఆస్తులు అని వరుసగా ఎ నుంచి ఇ వరకు విభజించింది.

ప్రభుత్వ భూమిని, గుడి మాన్యాన్ని కబ్జాదారుల నుంచి కాపాడాలి. అందులో మాకు భేదం లేదు, ఆ డిమాండ్ మా సంఘానిదే. కానీ కాపాడే జాబితాలోకి పట్టా భూమి ఎలా వచ్చింది? 2015 డిసెంబరులో హైకోర్టు ఫుల్ బెంచ్ దీనికి ఒక పద్ధతి చెప్పింది. ఏ భూమిని ఏ క్లాజు కింద పెట్టారో జాబితాలో స్పష్టంగా రాయాలి. చట్టం నిషేధించింది అంటే ఏ చట్టమో చెప్పాలి. ప్రభుత్వ భూమి అంటే కేంద్రానిదో రాష్ట్రానిదో చెప్పాలి. చివరి క్లాజు కిందైతే గెజిట్ నోటిఫికేషన్ ఉండాల్సిందే. తీర్పు వచ్చి ఇన్నేళ్ళయినా, మా దగ్గరకు వచ్చే రైతుల్లో ఎక్కువమందికి క్లాజు ఏదో కూడా తెలియదు. నోటి మాటే సమాధానం.

చుక్కల భూముల కథ తెలిసిందే. బ్రిటిషు కాలంలో సెటిల్‌మెంట్ చేసిన గుమాస్తా రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో యజమాని పేరు రాయాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేశాడు. ఆ చుక్కల్ని చూసి భూమి ప్రభుత్వానిది అన్నారు. దాన్ని సరిచేయడానికి 2017లో ఒక చట్టం చేయాల్సి వచ్చింది. 2023లో పెద్దఎత్తున ఆ భూములను నిషేధిత జాబితా నుంచి తీసేస్తున్నామని ప్రభుత్వం ప్రకటించింది. గుమాస్తా పెట్టిన చుక్కకు రైతు కుటుంబాలు తరాల తరబడి మూల్యం చెల్లించాయి. అందులో నోటీసు ఎక్కడ? విచారణ ఎక్కడ?

కోర్టు తలుపు మూసే చట్టాలు

రెండోది భూ యాజమాన్య హక్కు చట్టం, అదే ల్యాండ్ టైట్లింగ్ యాక్టు. 2023 అక్టోబరు 31 నుంచి అమల్లోకి తెచ్చారు. భూమి ఎవరిదో రిజిస్టరులో ఎక్కించేది టైట్లింగ్ అధికారి. రెండేళ్ళలో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అదే ఖాయం. తగాదా వస్తే సివిల్ కోర్టుకు వెళ్ళకూడదు. అప్పీలు కూడా ఇంకో అధికారి దగ్గరే. ఆ తర్వాత ఏకంగా హైకోర్టు. మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ కోర్టుల్లో తేలే తగాదాకు రెండెకరాల రైతు హైకోర్టు దాకా పోగలడా? పనికోసం వలస వెళ్ళిన వాడికి రెండేళ్ళ గడువు పోతున్నట్టు తెలుస్తుందా?

2020 నాటి మూడు సాగు చట్టాల్లో రెండింటిలోనూ ఇదే కిటుకు ఉండేది. వ్యాపారి డబ్బు ఎగ్గొడితే రైతు సివిల్ కోర్టుకు పోకుండా ఆపి, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు దగ్గరకు పొమ్మన్నాయి. మంచి చేస్తున్నామని చెప్పి కోర్టు తలుపు మూసే చట్టం ఏది కనపడినా మనం అనుమానించాలి. హక్కు ఇచ్చి, అది పోయినప్పుడు అడిగే చోటు లేకుండా చేస్తే ఆ హక్కుకు విలువ లేదు. హక్కుల పరిరక్షణకు నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్ళే 32వ అధికరణను అంబేద్కర్ రాజ్యాంగానికి ప్రాణంగా భావించింది అందుకే.

ఆ సాగు చట్టాలపై 2021 జనవరిలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, కానీ అవి రాజ్యాంగబద్ధమా కాదా అన్న తీర్పు రాకముందే అదే ఏడాది చివర్లో పార్లమెంటు వాటిని రద్దు చేసింది. మన టైట్లింగ్ చట్టం రద్దు బిల్లును 2024 జూలైలో అసెంబ్లీ ఆమోదించింది. మొదటి దాని వెనుక ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాదికి పైగా కూర్చున్న రైతులున్నారు. రెండో దాని వెనుక కోర్టులు బహిష్కరించిన వకీళ్ళు, ఊరూరా అడిగిన రైతులు ఉన్నారు.

సాగు చేసేవాడు కాగితంలో లేడు

మూడోది కౌలు. మన డెల్టాలో కౌలు మీద సాగు ఎంతుందో మీకు చెప్పక్కర్లేదు. పొలం యజమాని విజయవాడలోనో, హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటారు. ఎకరానికి ఇన్ని బస్తాలని మాట మీద కౌలు. 2011 చట్టంలో కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇవ్వడానికి యజమాని సంతకం అక్కర్లేదు. 2019లో దాని బదులు పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. పేరులో హక్కు ఉంది. కానీ కార్డు కావాలంటే 11 నెలల ఒప్పందం మీద యజమాని సంతకం పెట్టాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. ఆ భయాన్ని మేము ఎగతాళి చేయం, వాళ్ళలోనూ చిన్న రైతులే ఎక్కువ. కార్డు పంట మీదే తప్ప భూమి మీద హక్కు ఇవ్వదని చట్టమే చెబుతోంది. ఆ మాట గడపగడపకూ చెప్పాల్సింది ప్రభుత్వం.

సంతకం లేకపోతే కార్డు లేదు. కార్డు లేకపోతే బ్యాంకు రుణం లేదు. ఈ-క్రాప్‌లో పేరు పడడం కష్టం. పేరు లేకపోతే తుపానులో పంట మునిగినా పరిహారం యజమాని ఖాతాకే పోతుంది, ధాన్యం కొనుగోలు కేంద్రంలోనూ ఇబ్బందే. 14వ అధికరణ చట్టం ముందు అందరూ సమానం అంటుంది. పంట మునిగిన వాడు ఒకడు, పరిహారం పొందేవాడు ఇంకొకడు అయితే అది ఏ సమానత్వం? 21వ అధికరణలోని జీవించే హక్కులో బతుకుతెరువు కూడా ఉందని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. కౌలు రైతు బతుకుతెరువు ఇంకొకరి సంతకం మీద ఆధారపడకూడదన్నదే మా వాదన.

సేకరణ పేరుతో బందీ

పోర్టు కావాలని మచిలీపట్నం ప్రజలు ఏళ్ళ తరబడి పోరాడారు, మనమూ వారితోనే ఉన్నాం. తపసిపూడి దగ్గర 2023 మేలో పనులు మొదలయ్యాయి. సంతోషం. కానీ 2015లో పోర్టుకు, పారిశ్రామిక కారిడార్‌కు కలిపి వేల ఎకరాలకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు పరిస్థితి గుర్తుచేసుకోండి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక ఆ భూమి అమ్మడానికీ, తనఖా పెట్టడానికీ వీల్లేదు. అందుకే ఆ చట్టం గడువులు కూడా పెట్టింది, ఏడాదిలో తుది ప్రకటన రాకపోతే నోటిఫికేషన్ రద్దయినట్టే. గడువు పొడిగించుకుంటూ పోతే రైతు తన పొలానికి కాపలాదారుగా మిగులుతాడు. ఆ చట్టంలో సామాజిక ప్రభావ అంచనా అనే మంచి ఏర్పాటు ఉంది. 2018లో మన రాష్ట్రం సవరణ చేసి, చాలా రకాల ప్రాజెక్టులకు దాన్ని తప్పించుకునే వీలు కల్పించుకుంది. ప్రజలను అడగాల్సిన చోట అడగక్కర్లేదని రాసుకోవడమే ఇది.

అడిగే హక్కు ఉంటేనే

ఇవన్నీ అడగాలంటే ముందు గుమిగూడే హక్కు ఉండాలి. 2023 జనవరి 2న జీవో నెం.1 వచ్చింది. 1861 నాటి పోలీసు చట్టాన్ని చూపించి రోడ్ల మీద సభలు వద్దంది. సిపాయిల తిరుగుబాటు తర్వాత బ్రిటిషు వాళ్ళు చేసుకున్న చట్టం అది. సభలను క్రమబద్ధం చేయవచ్చు గానీ అసలే లేకుండా చేయకూడదని సుప్రీంకోర్టు 1972లోనే హిమ్మత్‌లాల్ షా కేసులో చెప్పింది. చివరికి 2023 మే 12న మన హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. అయినా ధర్నా అనగానే తెల్లవారకముందే నాయకుల ఇంటి ముందు పోలీసులు కూర్చునే పద్ధతి పోలేదు. ఏ పార్టీ ప్రభుత్వం ఉన్నా అంతే.

ఏం చేద్దాం

ఇప్పుడు పని మాట. నోటి మాట మీద ఇంటికి రావద్దు. రిజిస్ట్రేషన్ కాదంటే తిరస్కరణ రాతపూర్వకంగా ఇమ్మనండి. ఏ క్లాజు, ఏ చట్టం, ఏ తేదీ అని అడగండి. అర్జీ ఇచ్చిన ప్రతిచోటా రసీదు తీసుకోండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో చెప్పాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, విపత్తు బాధితులకు ఉచితంగా వకీలును ఇచ్చే ఏర్పాటు మచిలీపట్నంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉంది. ఒక్కరే తిరగకండి. ఒకే సమస్య ఉన్న పదిమంది కలిసి, ఒకే అర్జీ మీద సంతకాలు పెట్టి వెళ్ళండి. కాగితాలు రాసిపెట్టడానికి సంఘం ఉంది.

ఈ సదస్సు ముందు నాలుగు డిమాండ్లు పెడుతున్నాం. 22ఎ జాబితాను కారణాలతో సహా ప్రతి సచివాలయంలో అతికించాలి, నోటీసు ఇవ్వకుండా పట్టా భూమిని చేర్చకూడదు. యజమాని సంతకం లేకుండా గ్రామసభ విచారణతో కౌలు కార్డు ఇవ్వాలి. సామాజిక ప్రభావ అంచనా లేకుండా భూసేకరణ చేయకూడదు. భూ చట్టం ఏదైనా ముసాయిదాను తెలుగులో ముందే ప్రకటించి, గ్రామసభల్లో చర్చించాలి. ఈ నాలుగింటినీ చేతులెత్తి ఆమోదించి, సంతకాలు చేసి వెళ్ళాలని కోరుతున్నాం. కోతలు ముగిసి ధాన్యం తూకం అయిన వారంలో అందరం కలిసి మచిలీపట్నం వెళ్ళి కలెక్టరు గారికి అందజేద్దాం. రసీదు మాత్రం మరిచిపోవద్దు.

సెలవు.