బరాత్ ముందు డీజే, ఓడ మీద డీజే



2022 జూన్‌లో విశాఖపట్నం రేవు నుంచి ఎంప్రెస్ అనే విహార నౌక పుదుచ్చేరి, చెన్నై వైపు బయల్దేరింది. కార్డీలియా అనే కంపెనీ నడిపిన ఓడ అది. ఆ మధ్య మన హన్మకొండ, వరంగల్ ఫోన్లలో కూడా అలాంటి ఓడల వీడియోలు బాగా తిరిగాయి. పై అంతస్తులో ఆరుబయట ఈతకొలను, దాని పక్కన చిన్న వేదిక, ఒక మూల పాడే బృందం, ఇంకో మూల హెడ్‌ఫోన్ తగిలించుకున్న డీజే. వీడియో చూసినవాళ్లలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "పాడేటోళ్లంటే సరే, ఆ డీజే ఏం చేస్తుండు? పెన్‌డ్రైవ్ పెట్టి బటన్ నొక్కుడే గదా!"

న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు వెతకడానికి సముద్రం దాకా పోనక్కర్లేదు. పెళ్లిళ్ల రోజుల్లో రాత్రి ఎనిమిది గంటలప్పుడు కాజీపేటలోనో, వరంగల్ చౌరస్తాలోనో కాసేపు నిలబడితే చాలు. డీసీఎం వ్యాన్ మీద నిలువెత్తు స్పీకర్లు, వెనక జనరేటర్, పైన ఆకాశాన్ని గీరుతున్న షార్పీ లైట్లు. వ్యాన్ ముందు పెళ్లికొడుకు దోస్తులు, వాళ్ల వెనక మేనత్తలు, పిన్నమ్మలు, అందరికీ వెనక పూల కారు. వ్యాన్ మీద ఒక పిల్లవాడు ల్యాప్‌టాప్ ముందు ఉంటాడు. అతని పని ఎలా వినాలో, ఎలా చూడాలో ఈ కాసేపు మాట్లాడుకుందాం.

ముందు చోటు సంగతి. ఓడ డెక్కుకీ మన బరాత్ రోడ్డుకీ గోడలు లేవు. హాల్లో పాడితే గోడలు, కప్పు ఆ ధ్వనిని తిరిగి మనకే పంపిస్తాయి. ఆరుబయట వెళ్లిన ధ్వని వెళ్లినట్టే. స్పీకర్ నుంచి మీరున్న దూరం రెట్టింపైతే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. అందుకే వ్యాన్ ముందు పది అడుగుల్లో ఉన్నవాడికి పండగ, వీధి చివర ఉన్నవాడికి దడదడ మాత్రమే. ఆ దడదడ కూడా ఎందుకు మిగులుతుందంటే, బేస్ స్వరాల తరంగాలు చాలా పొడుగు. సెకనుకు 50 సార్లు కంపించే ధ్వనికి ఒక్కో తరంగం దాదాపు ఏడు మీటర్లు ఉంటుంది. కిటికీ రెక్క, ఇటుక గోడ దానికి పెద్ద అడ్డం కావు. పాటలోని మాటలు వీధి మలుపులోనే ఆగిపోతాయి, బేస్ మాత్రం మీ పడకగది దాకా వస్తుంది. మీరిప్పుడు నా మాట వింటున్న చిన్న రేడియో ఆ కింది స్వరాలను పలికించలేదు. కాబట్టి బేస్ గురించి నేను ఎంత చెప్పినా అది చెప్పడమే అవుతుంది, వినిపించడం కాదు. ఆ పని బయటికెళ్లి మీరే చెయ్యాలి.

ఇక బటన్ సంగతి. బటన్ నొక్కి కూర్చునేవాళ్లు లేరని అనను, చాలామందే ఉన్నారు. ఎవరో ఇంట్లో కూర్చుని తయారుచేసిన మిక్సులను యూట్యూబ్ నుంచి దింపుకొని వరసగా వేసేవాళ్లు వాళ్లు. ఆ మిక్సుల పేర్లు మీరు వినే ఉంటారు: రోడ్ షో మిక్స్, తీన్మార్ మిక్స్, చాటల్ బ్యాండ్ మిక్స్. అయితే ఆ మిక్స్ తయారుచేసినవాడు ఏం చేశాడో ఒకసారి వినండి. సినిమా పాట చాలావరకు నాలుగేసి మాత్రల నడకలో ఉంటుంది. తీన్మార్ ఊపు మూడు మూడుగా తూగుతుంది, కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లు తిశ్రగతి అంటారే, దాదాపు అది. నాలుగు కాళ్ల పాటను మూడు కాళ్ల ఊపు మీద నిలబెట్టడం తేలిక కాదు. పల్లవి ఎత్తుగడ ఎక్కడ పడుతుంది, మాట తెగకుండా ఎక్కడ సాగదియ్యాలి, డప్పు దెబ్బ ఏ అక్షరం మీద వెయ్యాలి, అంతా లెక్కే. బాగా చేసిన మిక్సులో పాట పుట్టినప్పటి నుంచీ అలాగే ఉందనిపిస్తుంది. చెత్తగా చేసిన దాంట్లో గాయకుడు ఒకవైపు, డప్పు ఒకవైపు పరుగెత్తుతుంటారు. ఈ తేడా పట్టుకోవడానికి శాస్త్రం తెలియాల్సిన పని లేదు. ఆడేవాళ్ల పాదాలు తడబడుతున్నాయా లేదా చూడండి.

ఈ తీన్మార్ ఊపు వెనక చాలా పెద్ద ప్రయాణం ఉంది. నిజాం సైన్యంలో పనిచేయడానికి వచ్చిన ఆఫ్రికా మూలాల సిద్దీలు, అరేబియా దక్షిణ తీరపు యెమెన్ వాళ్లు హైదరాబాదుకు తెచ్చిన మర్ఫా వాద్యాలు ఇక్కడి పెళ్లిళ్లలో కలిసిపోయాయి. దానికి మన డప్పు తోడైంది. ఇవాళ కాజీపేట రోడ్డు మీద ఒక కుర్రాడు భుజాలు ఎగరేస్తున్నాడంటే అందులో సముద్రం దాటి వచ్చిన లయ కూడా ఉంది.

వ్యాన్ మీద ఉన్నవాడు నిజమైన డీజే అయితే అతనికి ఇంకో పని కూడా ఉంటుంది. హెడ్‌ఫోన్ ఒక చెవికే ఉంటుంది, గమనించారా? ఆ చెవిలో రాబోయే పాట, రెండో చెవిలో జనం వింటున్న పాట. రెండింటి వేగాన్నీ సరిచేస్తాడు. కొత్త పాటను బేస్ తీసేసి సన్నగా లోపలికి జారుస్తాడు. సరైన ఆవృత్తం దగ్గర పాత పాట బేస్ తెంపి, కొత్తదాని బేస్ తెరుస్తాడు. ఇది కుదిరితే పాట మారిన సంగతి కాళ్లకు ముందు తెలుస్తుంది, చెవులకు తర్వాత. కుదరకపోతే రెండు డోళ్లు పోట్లాడుకుంటున్నట్టు ఓ గందరగోళం, ఒక్క క్షణం అందరూ ఆగి నవ్వుతారు.

డీజేల చేతుల్లో పుట్టిన హిప్‌హాప్‌కు ఒక పుట్టినరోజు చెబుతారు. 1973 ఆగస్టు 11న న్యూయార్కులో బ్రాంక్స్ అనే పేదల పేట, సెడ్జ్‌విక్ వీధిలో 1520 నంబరు భవనం. జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబంలోని కూల్ హెర్క్ అనే కుర్రాడు తన చెల్లెలు పెట్టిన విందులో రికార్డులు వేశాడు. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు టికెట్. హెర్క్ గొప్పతనం పరికరంలో లేదు. అతను జనాన్ని చూశాడు. పాటంతా కాస్త కాస్త కదిలేవాళ్లు, మధ్యలో గొంతులు ఆగి డ్రమ్ములు ఒక్కటే మోగే చోట మాత్రం ఒళ్లు మరిచి ఆడేస్తున్నారు. ఆ ముక్క కొన్ని సెకన్లే ఉంటుంది. అదే రికార్డు రెండు కాపీలు తెచ్చి, ఒకదాంట్లో ఆ ముక్క అయిపోగానే రెండోదాంట్లో అదే ముక్క మొదలుపెట్టి, దాన్ని నిమిషాల తరబడి సాగదీశాడు. హిప్‌హాప్ అనే మహావృక్షం అక్కడ మొలిచింది. మన బరాత్‌లో పాట ఆగి డప్పు దంచే ముక్క మళ్లీ మళ్లీ తిరుగుతుంటుంది చూడండి, అది చేస్తున్న అబ్బాయి హెర్క్ పేరు విని ఉండకపోవచ్చు. పద్ధతి మాత్రం అదే. వీధిలో ఆడే జనాన్ని చూస్తే ఎవరికైనా తట్టాల్సిన ఉపాయమది.

వీధి ఆటను పట్టించుకోవడం ఈ నేలకు కొత్త కాదు. కాకతీయ రాజు గణపతిదేవుడి గజసేనాపతి జాయప 1253-54 ప్రాంతంలో నృత్తరత్నావళి రాశాడు. అందులో ఎనిమిది అధ్యాయాలుంటే నాలుగు శాస్త్రీయమైన మార్గ నృత్యానికి, తక్కిన నాలుగు జనం ఆడుకునే దేశి నృత్యానికి కేటాయించాడు. పేరణి, కోలాటం, చిందు, దండరాసకం, గొండలి, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఏనుగుల దళాన్ని నడిపే మనిషి, జనం గుంపుగా ఆడే ఆటల్లో అడుగెక్కడ పడుతుందో కూర్చుని రాశాడంటే నాకు ఆయన మీద గౌరవం రెట్టింపవుతుంది. ఇప్పుడుంటే బరాత్‌ను వదిలేసేవాడు కాదని నా నమ్మకం.

ఇక ప్రత్యక్ష సంగీతం సంగతికి వద్దాం. డప్పు ముందు మంట దగ్గర కాగుతుంది. తోలు బిగిసి, వేలితో మీటితే కంచులా ఖంగుమనేదాకా కాచి తెస్తారు. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో సన్నని సిటికెనపుల్ల. సిర్ర పెద్ద దెబ్బ వేస్తుంది, సిటికెనపుల్ల ఆ దెబ్బల మధ్య ఖాళీని నింపుతుంది. కొత్తగా వినేవాళ్లు పెద్ద దెబ్బనే వింటారు. మీరు కాసేపు పెద్ద దెబ్బను వదిలేసి ఆ సన్నపుల్లను మాత్రమే వినండి. ఆట వేగం పెరగబోయే ముందు అదే మొదట కంగారు పడుతుంది. డప్పు కళాకారుడు ఆడేవాడి పాదాన్ని చూస్తూ దెబ్బను వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరుపుతాడు. ముసలాయన ఒకాయన రెండడుగులు వెయ్యడానికి ముందుకొస్తే నడక తగ్గుతుంది, కుర్రాళ్లు దూకితే ఎగురుతుంది. రికార్డు చేసిన పాటకు ఆ వినయం ఉండదు. డీజే ఎంత గొప్పవాడైనా ఉన్న పాటల్లోంచి ఎంచుకుంటాడు. డప్పు కొట్టేవాడు అప్పటికప్పుడు పుట్టిస్తాడు.

డీజే వచ్చాక డప్పు కళాకారులకు, సన్నాయి బ్యాండ్ మేళాల వాళ్లకు పిలుపులు తగ్గిన మాట వాస్తవం. డప్పు చాలావరకు దళిత కుటుంబాల చేతుల్లోని విద్య. వాళ్ల దెబ్బను రికార్డు చేసి, మిక్సులో వేసి, ఆ మిక్సు వ్యాన్‌కు డబ్బులిచ్చి, కళాకారుణ్ణి ఇంట్లో కూర్చోబెట్టడం నాకు మింగుడుపడదు. ఇద్దరినీ కలిపి పిలిచే ఇళ్లు కొన్ని ఉన్నాయి. అక్కడ వినడంలోనే అసలు రుచి ఉంది, దాని దగ్గరకు మళ్లీ వస్తాను.

ఓడల మీద కూడా ఇలాంటి జతే కనిపిస్తుంది. కరీబియన్ సముద్రపు ఓడల డెక్కు మీద స్టీల్‌పాన్ అనే వాద్యం తరచూ మోగుతుంది. ట్రినిడాడ్ దీవిలో పుట్టింది. 1880లలో అక్కడి ఆంగ్ల ప్రభుత్వం తోలు డోళ్లను నిషేధిస్తే, నల్లజాతి జనం వెదురు బొంగులను నేలకేసి కొట్టి లయ పుట్టించారు. 1930, 40లలో ఖాళీ నూనె పీపాల మూతలను సుత్తితో సొట్టలు కొట్టి, ఒక్కో సొట్టకు ఒక్కో స్వరం పలికించారు. ఇప్పుడు సెలవుల్లో ఎండ కాగుతున్న యాత్రికుడికి అది హాయిగొలిపే నేపథ్యం, ట్రినిడాడ్ జనానికి మాత్రం నిషేధాన్ని ఎదిరించి చేసుకున్న వాద్యం. 2023లో ఐక్యరాజ్యసమితి దానికో ప్రపంచ దినం ప్రకటించింది. ఏ తేదీ అనుకున్నారు? ఆగస్టు 11. కూల్ హెర్క్ విందు జరిగిన తేదీయే. కాకతాళీయం అంటే ఇదే మరి.

డెక్కు మీద మధ్యాహ్నం డీజే పని చాలా వినయమైనది. ఒకరు పుస్తకం చదువుతుంటారు, పిల్లలు నీళ్లలో అరుస్తుంటారు, గాలి హోరు ఒకవైపు. పాట ఉందనిపించాలి, మీద పడకూడదు. సాయంత్రం ఓడ రేవు విడిచేటప్పుడు మెల్లగా వేగం పెంచి, కుర్చీల్లో ఉన్నవాళ్లను లేపాలి. గంటల తరబడి ఈ వాలును నిర్మించడం చేతనైనవాడే మంచి డీజే. మన బరాత్ వ్యాన్‌లో నాకు తరచూ వెలితిగా అనిపించేది ఇదే. మొదటి అడుగు నుంచే నిండు శబ్దం పెడితే, చౌరస్తాకొచ్చేసరికి పెంచడానికి ఏం మిగులుతుంది?

శబ్దం అన్నాను కాబట్టి చట్టం మాట కూడా. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో హద్దు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు కూడదు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలనే నిషేధించారు. కళ కోణంలో చూసినా గట్టి శబ్దానికి మార్కులు లేవు. ఆంప్లిఫయర్ శక్తికి మించి పెంచితే స్వరం చీలిపోతుంది, పదం పదం అతుక్కుపోతుంది. డప్పు దెబ్బలు విడివిడిగా, పాటలో మాటలు తేటగా వినిపిస్తున్నాయా లేదా? అదే పరీక్ష.

బతుకమ్మ దగ్గర మాత్రం నేను డీజేకు పూర్తిగా వ్యతిరేకిని. ఎంగిలిపూల బతుకమ్మ నాడు వేయిస్తంభాల గుడి ఆవరణకు వెళ్లినవాళ్లకు తెలుసు, ఒకామె పాట ఎత్తుకుంటే వందల గొంతులు అందుకుంటాయి, చప్పట్లే తాళం. అక్కడ ఆడేవాళ్లే పాడేవాళ్లు. స్పీకర్ మోగగానే పాడేవాళ్లు నోళ్లు మూసుకుని ఆడేవాళ్లుగా మిగిలిపోతారు, ఎత్తుగడ తెలిసిన పెద్దమ్మకు పని లేకుండా పోతుంది. బరాత్‌లో ఆడే కుర్రాళ్లు ఎలాగూ పాడరు, అందుకని అక్కడ డీజే వల్ల వచ్చిందే ఎక్కువ. బతుకమ్మలో పోయిందే ఎక్కువ.

సరే, వినడం ఎలా? వచ్చే ముహూర్తాల్లో ఏదైనా బరాత్ ఎదురైతే చిరాకుపడి తప్పుకోకుండా ఒక పావుగంట ఇవ్వండి. స్పీకర్‌కు ఎదురుగా కాకుండా ఓ ముప్పై అడుగుల పక్కకు నిలబడండి, చెవులకూ మంచిది. మొదట డీజే కళ్లు చూడండి. అతను ల్యాప్‌టాప్ చూస్తున్నాడా, జనాన్ని చూస్తున్నాడా? ఆట చల్లబడిన తర్వాత అర నిమిషంలో ఏం చేశాడో గమనించండి. పాత పాట తెచ్చాడా, వేగం మార్చాడా, ఒట్టి డప్పు ముక్కను తిప్పాడా? పాట మారేటప్పుడు కళ్లు మూసుకుని బేస్ ఎక్కడ చేతులు మారిందో పట్టుకునే ప్రయత్నం చెయ్యండి. మొదట దొరకదు, వింటూపోతే దొరుకుతుంది.

వ్యాన్ ముందు డప్పు బృందం కూడా ఉంటే మీ అదృష్టం. మంచి డీజే అయితే ఎక్కడో ఒకచోట స్లైడర్ కిందికి లాగేసి, కొన్ని ఆవృత్తాలు వాళ్లకు వదిలేస్తాడు. అంతదాకా స్పీకర్ వేగానికి కట్టుబడి కొట్టినవాళ్లు అప్పుడు ఏ దారి పడతారో, సిటికెనపుల్ల ఏం చేస్తుందో, డీజే తిరిగి పాటను అందుకోవడానికి వాళ్ల నడకను ఎలా వెతుక్కుంటాడో వినండి.