డాక్టరు గారి ఫోను, రోగి గుట్టు

 

మన అచ్చంపేటలో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఆసుపత్రికంటే ముందు వాట్సాప్ సలహాలు వచ్చిపడుతున్నాయి. ఫలానా ఆకు నమిలితే షుగరు మాత్రలు మానేయవచ్చని ఒకరు పెడితే పదిమంది ఫార్వర్డ్ చేస్తారు. దానికి జవాబు చెప్పాల్సింది మాలాంటి టీచర్లు కాదు, డాక్టర్లే.

డాక్టర్లకు ఒక మనవి. రంజాన్‌కు నెల ముందే తెలుగులో, ఉర్దూలో రెండు నిమిషాల వీడియో పెట్టండి. షుగరు ఉన్నవారు రోజాలు మొదలుకాకముందే డాక్టరును కలవాలని, ఇన్సులిన్ సొంతంగా ఆపవద్దని, షుగరు 70 కంటే తగ్గినా 300 దాటినా ఆ రోజు రోజా విరమించాలని చెప్పండి. మీ నోట వింటే ఇంట్లో పెద్దవాళ్లు నమ్ముతారు.

అయితే అందరికీ పనికొచ్చే మాట వేరు, ఒక రోగి గుట్టు వేరు. గ్రూపులో అడిగినవారికి గ్రూపులోనే మందు రాయకండి. విడిగా మాట్లాడండి, లేదా ఆసుపత్రికి రమ్మనండి. 2020 మార్చిలో వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాలు ఫోనులో వైద్యానికి అనుమతిస్తూనే, రోగి గోప్యత కాపాడే బాధ్యత డాక్టరు మీద పెట్టాయి.

ఇది మనకూ వర్తిస్తుంది. సాయం కోరుతూ గ్రూపుల్లో పెట్టే రిపోర్టు మీద పేరు, జబ్బు రెండూ ఉంటాయి. పెళ్లికావలసిన పిల్ల రిపోర్టు ఊరంతా తిరిగితే, మనమిచ్చే డబ్బు ఆ నష్టాన్ని పూడ్చలేదు. కాబట్టి దాతలు ఫొటోలు అడగవద్దు. రోగి ఒప్పుకున్నాక, అవసరం నిజమేనని డాక్టరు గారు కమిటీకి చెబితే చాలు. గుట్టుగా ఇచ్చిన దానమే మేలని మన ధర్మం చెబుతోంది కదా!