రేడియోలో వినిపించే ‘సోషలిజం’



2026 నవంబర్ 3న అమెరికాలో మధ్యంతర ఎన్నికలు. అక్కడి కన్జర్వేటివ్ టాక్ రేడియో పెడితే ‘సోషలిజం వచ్చేస్తోంది’ అన్న మాట చెవిన పడుతుంది. న్యూయార్క్ మేయర్‌గా మమ్దానీ గెలిచాక పుట్టిన భయం కాదిది. భిన్నాభిప్రాయాలకూ చోటివ్వాలన్న ప్రసార నిబంధనను 1987లో ఎత్తేశారు. మరుసటి ఏడే రష్ లింబా కార్యక్రమం దేశమంతటికీ చేరింది. 2010 మధ్యంతర ఎన్నికల ముందు ఒబామా ఆరోగ్య చట్టానికీ ఇదే ముద్ర. డెమొక్రాట్లు ప్రతినిధుల సభలో 63 సీట్లు పోగొట్టుకున్నారు. అంతా రేడియో వల్లేనని నేననను, నిరుద్యోగమూ ఉంది.

నన్ను పట్టి నిలిపేది ఇంకో ముచ్చట. వృద్ధులకు ప్రభుత్వ వైద్య బీమా అంటే సోషలిజానికి దారేనని 1961లో రీగన్ ఒక గ్రామఫోన్ రికార్డులో హెచ్చరించాడు. ఆ బీమాయే 1965లో మెడికేర్‌గా చట్టమైంది. ఆ డబ్బు కావాలంటే ఆసుపత్రులు నల్లజాతివారిని వేరే వార్డుల్లో పడుకోబెట్టకూడదు. దక్షిణాదిలో ఏళ్ల తరబడి కదలని గోడలు నెలల్లో కదిలాయి. హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి తెలిసిన మనకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ రేడియో శ్రోతల్లో వయసు పైబడినవారు చాలామంది. వాళ్ల జేబుల్లో ఇవాళ మెడికేర్ కార్డే ఉంటుంది!

వ్యవసాయం, కీలక పరిశ్రమలు, బీమా రాజ్యం చేతిలో ఉండాలనీ, అది రాజ్యాంగంలోనే రాయాలనీ బాబాసాహెబ్ 1947లో ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో కోరారు. రాజ్యం తప్పుకుంటే మిగిలేది యజమాని పెత్తనమేనని ఆయన వాదన. ఆ ప్రతిపాదన మన రాజ్యాంగంలోకి రాలేదు.